కీలు వదులైన రోబో

ఈ వారం నేను నేర్చుకున్న మాట "కీలు". మోకాలి జాయింట్ కీలు. బొమ్మలో తిరిగే చోటు కూడా కీలే. 1949లో వచ్చిన "కీలుగుర్రం" సినిమా పేరులో ఉన్నది ఈ మాటే.

కువైట్‌లో మా ఇంట్లో ఒక పాత ఎర్ర లారీ ఉంది. కీళ్ళు తిప్పితే రోబో అవుతుంది. మనవడు అడిగాడు: "తాతయ్యా, దీని విలువ ఎంత?"

ముందు చరిత్ర చెప్పాను. జపాన్‌లో టకారా కంపెనీ 1980లో డయాక్లోన్ బొమ్మలు మొదలుపెట్టింది. వాటిలో ఈ లారీ పేరు బ్యాటిల్ కాన్వాయ్. అమెరికాలో హాస్‌బ్రో 1984లో దీన్నే ఆప్టిమస్ ప్రైమ్ అని, ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మగా అమ్మింది.

బొమ్మలు సేకరించేవాళ్ళు పెట్టె, స్టిక్కర్లు, ట్రైలర్, తుపాకి, ఊడి వచ్చే పిడికిళ్ళు ఉన్నాయా అని చూస్తారు. కీళ్ళు బిగువుగా ఉండాలి. మా దానికి ఇవేవీ లేవు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. తర్వాత లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో ఇంటికి చేరారు. వాళ్ళలో మేమూ ఉన్నాం. పెట్టె, ట్రైలర్ ఇక్కడే వదిలేశాం. అమ్మాన్ దాకా బస్సులో మా అబ్బాయి ఏడవలేదు. లారీని రోబో చేశాడు, రోబోని లారీ చేశాడు. కీళ్ళు అప్పుడే వదులయ్యాయి.

"బజారులో దీనికి పెద్దగా ధర రాదు నాన్నా," అన్నాను. "కానీ అమ్మం. నువ్వు ఆడుకో. మెల్లగా తిప్పు."