పౌరుషమును బోధించిన పుస్తకములు

పౌరుషమనగా మీసము మెలివేయుటయు, గొంతెత్తి గర్జించుటయు కాదు. బలవంతుని యెదుట సత్యమును విడువకుండుటయు, బలహీనునిపై తన బలమును చూపకుండుటయు పౌరుషము. ఇట్టి శీలమును పుస్తకములు నేర్పగలవా? సమాధానమునకై మనము దూరదేశములకు పోనక్కరలేదు.

మలకుపేటనుండి చాదరుఘాటు వంతెనమీదుగా మూసీనది దాటిపోయినచో సుల్తానుబజారు చేరుదుము. ఆ ప్రాంతముననే, రావిచెట్టు రంగారావుగారి యింట, 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. నాటి నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగునకు ఆదరణము తక్కువ. గ్రంథాలయము వెలసెను గాని, లోకజ్ఞానమును పంచు నవీనగ్రంథములు తెలుగున మిక్కిలి కొలదిగా నుండెను. ఆ కొరత తీర్చుటకై కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. 1908లో అది మద్రాసునకు తరలెను.

మండలి తొలి గ్రంథము 1907లో వెలువడిన అబ్రహాము లింకను చరిత్రము. దానిని రచించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అప్పటికి ఇరువదియైదేండ్లైనను నిండని యువకులు. లింకను 1809లో కెంటకీ సీమలో దుంగల గుడిసెలో జన్మించెను. బడిలో మొత్తము ఏడాదియైనను చదువలేదు. ఎరవు తెచ్చిన పుస్తకములే అతనికి గురువులు. 1863లో బానిసల విముక్తిని ప్రకటించి, 1865లో హంతకుని తుపాకికి బలియయ్యెను. కులమును, ధనమును బట్టి గొప్పతనము నెంచు మన యిండ్లలోనికి ఈ కట్టెలు కొట్టినవాని కథ వచ్చుట సామాన్యము కాదు. నాడు తెలంగాణమున వెట్టిచాకిరి ప్రబలియుండెను. దూరపు బానిసకై కన్నీరు కార్చిన చదువరి, తన వాకిట వంగియున్న వెట్టివానిని చూచి సిగ్గుపడకుండు టెట్లు?

గ్రంథకర్తకును పరీక్ష వచ్చెను. హరిసర్వోత్తమరావుగారు రాజమహేంద్రవరమున విద్యార్థిగా నుండగా, 1907లో వందేమాతరోద్యమమున పాల్గొన్నందుకు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. 1908లో స్వరాజ్యపత్రికా సంపాదకులుగా రాజద్రోహనేరమున చెరసాల పాలైరి. లింకను చరిత్రమే వారిని ధీరుని చేసెనని నేననను. ధైర్యము వ్రాసినవారే ధైర్యముగా నడచిరి; ఆ గ్రంథమునకు ఇంతకుమించిన పీఠిక వేరొకటి యేల?

పౌరుషమను మాటలో పురుషుడున్నాడు గాని, ఆ గుణము పురుషుల సొత్తు కాదు. లక్ష్మణరావుగారి యక్క బండారు అచ్చమాంబగారు మండలి పుట్టుకకు ముందే అబలాసచ్చరిత్రరత్నమాలయను పేర స్త్రీల చరిత్రములు ప్రకటించిరి. ఆమె బడికి పోలేదు. తమ్ముని తోడ్పాటున ఇంటనే చదువు నేర్చిరి. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజము స్థాపించిరి, 1905లో స్వర్గస్థులైరి. పేరున అబలలైనను, ఆ చరిత్రములలోని వనితలు బలహీనులు కారు.

కావున, సోదరీసోదరులారా, కుమారునకు లింకను కథ నిచ్చునపుడు కుమార్తెకును దాని నిండు. ఆమెకు స్త్రీల చరిత్రముల నిచ్చునపుడు అతనిచేతను వానిని చదివింపుడు. కాని ముందుగా మీరు చదువుడు. బిడ్డలు పుస్తకమును ఒకసారి చదువుదురు. తలిదండ్రుల నడవడిని దినదినమును చదువుదురు. పనిమనిషిని తూలనాడు తండ్రి చేతినుండి అందుకొన్న లింకను చరిత్రము బిడ్డకేమి నేర్పగలదు?