లందలో నానిన కరక్కాయ

పోయిన భాగంలో లంద గురించి రాస్తే ఒక చెల్లె ఫోన్ చేసి అడిగింది: "అన్నా, ఆ వాసనకు కూడా చరిత్ర ఉంటదా?" ఉంటది. ఈ భాగం ఆ వాసన గురించీ, దాన్ని ఆపిన చెట్ల గురించీ.

పశువు చచ్చినాక దాని పచ్చి తోలును అట్లే కుప్పగా పడేస్తే ఎండకాలంలో తెల్లారేసరికి కుళ్లు మొదలవుతుంది. కుళ్లు అంటే బ్యాక్టీరియా. మా తాతకు ఆ మాట తెలియదు. దాన్ని ఆపడం మాత్రం తెలుసు. తోలును సున్నపు నీళ్లల్లో నానబెట్టి వెంట్రుకలు ఊడగొట్టేవాడు. లోపలి మాంసపు పొరను రంపెతో గీకి, వాగులో కడిగి, దంచిన తంగేడు చెక్క వేసిన నీళ్లల్లో వారాల తరబడి ఉంచేవాడు. చెక్క సారం దిగిపోతే పాతది తీసి కొత్తది వేయాలి. చివర్న కరక్కాయ పొడి నీళ్లు. తోలు తయారైందో లేదో చూడటానికి ఒక అంచు కోసేవాడు. కోసిన చోట మధ్యలో తెల్లగీత కనబడితే ఇంకా కాలేదన్నట్టు, మళ్లీ లందలోకి. నా చిన్నప్పుడు కాలు తెగి పుండైతే మా నాయినమ్మ ఉడకబెట్టిన తంగేడు చెక్క నీళ్లతోనే కడిగేది. "తోలును కాపాడింది, నీ కాలును కాపాడదా బిడ్డా" అనేది.

ఆమె తర్కంలో రసాయనశాస్త్రం ఉందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే ఆ వగరు పదార్థాల పేరు టానిన్లు. ఇవి ప్రోటీన్లను పట్టుకుంటాయి. తోలులో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని బిగిస్తే బ్యాక్టీరియా ఎంజైములు దాన్ని అరిగించుకోలేవు. బ్యాక్టీరియా సొంత ఎంజైములను, దాని పైపొర ప్రోటీన్లను పట్టుకుంటే అది పెరగలేదు. దానికి కావాల్సిన ఇనుమును కూడా టానిన్లు దొరకనివ్వవు. కరక్కాయ తింటే నాలుక పిడచగట్టుకుపోతుంది కదా, అది కూడా ఈ పట్టే. మన ఉమ్మిలోని ప్రోటీన్‌ను పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ పేరును చూడండి. టానిన్. ఇంగ్లీషులో "టాన్" అంటే తోలు పదును చేయడం. ప్రపంచంలోని రసాయన పుస్తకాలన్నీ ఈ పదార్థాలను తోలు పని పేరుతోనే పిలుస్తున్నాయి! ఆ పేరు ఊరికే రాలేదు. వీటితో దగ్గరి చుట్టరికం ఉన్న గాలిక్ ఆమ్లాన్ని స్వీడన్ రసాయనవేత్త షీలే 1786లో మాచికాయ నుంచి వేరుచేశాడు. 1803లో లండన్‌లో హంఫ్రీ డేవీ వగరు చెట్లు తోలును ఎట్లా మారుస్తాయో పరీక్షించి రాయల్ సొసైటీ పత్రికలో అచ్చువేశాడు. ఆయన బల్ల మీదున్న సరుకులో బొంబాయి నుంచి, బెంగాల్ నుంచి పోయిన కాచు ఉంది. మనం తమలపాకులో వేసుకునే కాచే. ఒక పౌను కాచు ఏడెనిమిది పౌన్ల ఓక్ చెక్కతో సమానమని ఆయన తేల్చాడు. అక్కడ తోలు పని ప్రశ్న ప్రయోగశాల ప్రశ్న అయింది. ఇక్కడ ఆ పని చేసినవాణ్ణి ఊరి బయట ఉంచారు.

కరక్కాయకు ఇంకో జీవితం ఉంది. చరక సంహితలో చికిత్సా స్థానం మొదటి అధ్యాయమే కరక్కాయ, ఉసిరికాయల పేరు మీద మొదలవుతుంది. త్రిఫలలో అదొకటి. వైద్యుడి పెట్టెలో ఉంటే హరీతకి, పూజ్యం. మా లందలో ఉంటే కంపు. కాయ ఒక్కటే, దానిలో టానిన్లూ అవే. 1997లో జపాన్ పరిశోధకులు కరక్కాయ నుంచి గాలిక్ ఆమ్లాన్ని, దాని ఇథైల్ ఎస్టరును శుద్ధిచేసి, మెథిసిలిన్‌కు లొంగని స్టఫైలోకాకస్ ఆరియస్‌ను అవి అడ్డుకుంటున్నాయని చూపించారు. ఆస్పత్రులను వణికించే మొండి సూక్ష్మజీవి అది. ఒక జాగ్రత్త: గాజు పళ్లెంలో బ్యాక్టీరియా ఆగడం వేరు, మనిషి ఒంట్లో జబ్బు తగ్గడం వేరు. ఇది చదివి కరక్కాయ నూరుకుని మందులు మానేయకండి, నా మీద కేసు పడుతుంది.

అదే 1997లో ఇంకో సంగతి జరిగింది. పసుపుతో గాయాలు మాన్పడం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995లో ఇచ్చిన పేటెంటును అమెరికా రద్దుచేసింది. పోరాడింది మన సీఎస్ఐఆర్. మంచిదే. కానీ ఎట్లా గెలిచిందో చూడండి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, బయటి దేశంలో జనం వాడుతున్నారని చెబితే చాలదు, అచ్చులో చూపించాలి. సంస్కృత గ్రంథం, 1953 నాటి వైద్య పత్రికలోని వ్యాసం వగైరా చూపించారు. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. అందులోకి ఎక్కించింది ఆయుర్వేద, యునానీ, సిద్ధ, యోగా పుస్తకాలు.

లందకు పుస్తకం ఏది? అక్షరం నేర్చుకోనివ్వని ఇంట్లో పుస్తకం ఎక్కడినుంచి వస్తుంది? మద్రాసు ప్రెసిడెన్సీ తోలు పని మీద 1904లో ఒక మోనోగ్రాఫ్ వచ్చింది. దాని మీదున్న పేరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు దొరది.

2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించినప్పుడు ఈ ముడి ఇంకా బిగిసింది. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు లాభంలో వాటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే మన జ్ఞానం పుస్తకంలో లేదా, రుజువు లేదు. పుస్తకంలో ఉందా, వాటా లేదు. ఏ దారిన పోయినా మా తాత పేరు రాదు.

నేను లందను నెత్తిన పెట్టుకోవట్లేదు. సున్నంతో తాత చేతివేళ్ల సందుల్లో పుండ్లు ఎప్పుడూ మానలేదు. దొర బావికి మోట బొక్కెన వెట్టికే కుట్టి ఇచ్చాడు. 1927 మార్చిలో మహాద్ సభలో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం తినడం మానమన్నాడు. ఆ తోవలోనే మా నాయిన లందను పూడ్చేసి బడికి పోయాడు. మంచిపని చేశాడు. నేను రుజువు అడుగుతున్నా, పనిని వెనక్కి అడగట్లేదు. ఈ రెండూ ఒకటేనని మన మిత్రులు కొందరు అనుకుంటారు, అందుకే రాస్తున్నా.

తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో దాని పువ్వు పేరుస్తారు. దాని చెక్క ఎవరు దంచారో మీ ఊళ్లో ముసలివాళ్లను అడగండి. లంద ఎక్కడుండేది, చెక్క ఎన్నాళ్లకు మార్చేవాళ్లు, కరక్కాయ ఏ గుట్ట నుంచి తెచ్చేవాళ్లు, పుండ్లకు ఏది వాడేవాళ్లు, అన్నీ రాసి నాకు పంపండి. మా తాత లంద ఉన్న చోట ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది. వచ్చే భాగంలో మోట బొక్కెన.