గ్రామ పానశాల యెవరిది?

గ్రామమునందలి పానశాల యెవరి చేతిలో నుండవలెనను ప్రశ్న ఇంగ్లండు దేశమున ఏడువందల యేండ్లకు పైగా నలుగుచున్నది. మద్యమును ప్రశంసించుట నా యుద్దేశము కాదు. అచ్చటి పల్లెలలో పానశాల మన రచ్చబండ వంటిది. పంటల సంగతులు, పశువుల బేరములు, ఊరి మంచిచెడ్డలు మాటలాడుకొనుట అచ్చటనే. కావున దాని చరిత్ర పెద్దలు వినదగినది.

పూర్వము బీరును పల్లెలలో ఎక్కువగా స్త్రీలే ఇండ్లలో కాచెడివారు. యవలను నానబెట్టి, మొలకెత్తించి, వేపి, దంచి, వేడినీట కలిపి, ఆ తీపినీటిని పులియబెట్టెడివారు. సరకు సిద్ధమైనప్పుడు వాకిట గడకు ఆకులకొమ్మ గట్టి నిలిపెడివారు. గ్రామము నియమించిన పరీక్షకుడు వచ్చి రుచియు కొలతయు చూచెడివాడు. 1266 ప్రాంతమున వెలువడిన రాజశాసనము ధాన్యపు ధరను బట్టి బీరు ధరను నిర్ణయించినది. 1552లో పానశాలకు న్యాయాధికారుల యనుమతి అవసరమైనది. 1830లో ఈ కట్టు తెగినది. ఘాటైన జిన్ను నుండి జనులను మరలింపవలెనను తలంపుతో, పన్ను చెల్లించు గృహస్థు డెవడైనను రెండు గినీలు కట్టి బీరు అమ్ముకొనవచ్చునని పార్లమెంటు శాసించెను. వీధివీధిని దుకాణములు వెలసెను. 1869లో మరల న్యాయాధికారుల అదుపు వచ్చెను. అటుపిమ్మట పెద్ద కంపెనీలు పానశాలలను కొని, తమ బీరునే అమ్మవలెనని కట్టుబాటు చేసినవి.

స్కాట్లండు సరిహద్దు చెంతనున్న కార్లైలు నగరమున మఱియొక పద్ధతి పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున సమీపమునందలి గ్రెట్నా యొద్ద గొప్ప మందుగుండు కర్మాగారము వెలసెను. పనివాండ్రు వేలకొలదిగా నగరమునకు వచ్చి త్రాగుచుండిరి. 1916లో ప్రభుత్వమే అచ్చటి బీరు కర్మాగారములను, పానశాలలను కొని నడపసాగెను. చాల దుకాణములను మూసివేసి, మిగిలిన వానిలో భోజనవసతి కల్పించిరి. ఎక్కువ త్రాగించిన ఎక్కువ లాభమను ఆశ లేకుండ నిర్వాహకునకు జీత మేర్పఱచిరి. ఈ యేర్పాటు అర్ధశతాబ్దికి పైగా సాగి, 1971 చట్టముచే రద్దయినది.

ఆ నగరమునకు దక్షిణమున, కొండల యంచున, హెస్కెట్ న్యూమార్కెట్ అను చిన్నపల్లె గలదు. మేము పదిమందిమి ఒకనాడు బండి మాట్లాడుకొని ఆ ప్రాంతమును చూచితిమి. ఓల్డ్ క్రౌన్ అను పానశాల వెనుక, పాత కొట్టములో, 1988లో బీరు కర్మాగారము నెలకొల్పబడినది. తొట్లు, కాగులు, మాల్టు బస్తాలు, అంతయు నొక చూపులో నిముడును. కాగులోని తీపినీటిలో చేదుకొఱకు హాప్సు అను తీగె పూవులను వేసి కాతురు. తొట్టిలో మిగిలిన పిప్పి పశువులకు మంచి మేత. అచ్చటి బీరులకు స్కిడ్డా, బ్లెంకాత్ర మొదలగు సమీపపు కొండల పేర్లు పెట్టిరి. మాలో త్రాగనివారు తేనీరు పుచ్చుకొనిరి; ఎవరును వింతగా చూడలేదు.

పిదప చేరువనున్న కాల్డ్‌బెక్ గ్రామమునకు పోతిమి. అచ్చటి పానశాల పేరు ఆడ్‌ఫెలోస్ ఆర్మ్స్. ఆడ్‌ఫెలోస్ అనునది పరస్పర సహాయ సంఘము. పందొమ్మిదవ శతాబ్దిలో ఇట్టి సంఘముల సభ్యులు తఱచుగా పానశాలల గదులలోనే కూడి, రోగమునకును అంత్యక్రియలకును చందాలు కూడబెట్టుకొనెడివారు. త్రాగుడుచోటే పొదుపుచోటుగా నుండుట విశేషము.

ఆ పొదుపుబుద్ధియే హెస్కెట్ న్యూమార్కెట్‌ను కాపాడినది. బీరు కర్మాగారపు యజమానులు విరమింపదలచినప్పుడు, 1999లో ఊరివారును మిత్రులును సహకార సంఘముగా నేర్పడి దానిని కొనిరి. 2003లో పానశాలను కూడ అట్లే కొనిరి. బ్రిటనులో సహకార పద్ధతిని ప్రజలు కొన్న మొదటి పానశాల యిదియే యని ప్రసిద్ధి. దూరపు కంపెనీకి లెక్కలలో నొక వరుసయైనది ఊరివారికి తమ కూడలి.

సహకార సంఘములు మనకు క్రొత్తవి కావు. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఏకమై తమ ఊరి సారాదుకాణమును మూయించిరి. ఆ ఆంగ్లగ్రామస్థులు ఏకమై తమ పానశాలను నిలుపుకొనిరి. దారులు వేఱు, కాని రెండు చోట్లను నిర్ణయించినది ఊరే. ఊరిలోని చోటును గూర్చి ఊరివారు నిర్ణయింపకున్నచో, దానిని వేఱొకరు నిర్ణయింతురు.