ఒక పందెపుబండి ప్రామాణ్య విచారము

1990వ సంవత్సరమున లండను ఉన్నత న్యాయస్థానమున జస్టిస్ ఆటన్ గారి యెదుట ఒక వింత వ్యాజ్యము విచారణకు వచ్చెను. వివాదములోని వస్తువు ఒక పాత మోటారుబండి; ఒడఁబడిన వెల కోటి పౌనులు. అమ్మువాఁడు అది 'ఓల్డ్ నంబర్ వన్' అని ప్రసిద్ధి కెక్కిన బెంట్లీ పందెపుబండి యనెను. కొనుటకు ఒప్పుకొన్న కంపెనీవారు, అది ఆ బండి కాదనియు, ఆ పేరు పెట్టుకొన్న వేఱొక బండి యనియు చెప్పి సొమ్ము చెల్లింప నిరాకరించిరి. భూములు, బాకీలు, వారసత్వములు గూర్చిన తగవులు తీర్చు న్యాయస్థానము 'ఒక వస్తువు ఎంతవఱకు మాఱినను తానుగానే యుండును?' అను తార్కికుల ప్రశ్నకు సమాధానము చెప్పవలసి వచ్చెను. మేము మోటారుబండి కొనఁగలవారము కాము. సైకిలునకు క్రొత్త చక్రము వేయించుటయే మా యింట పెద్ద ఖర్చు. ఐనను ఈ తీర్పు చరిత్ర చదువువారి కందఱకును పనికివచ్చు ననియే దీనినిచ్చట ప్రస్తావించుచున్నాము.

ముందు ఆ బండి కథ. డబ్ల్యు. ఓ. బెంట్లీ 1919లో స్థాపించిన కంపెనీకి, ఫ్రాన్సు దేశమున లె మాన్ పట్టణమున జరుగు ఇరువదినాలుగు గంటల పందెము గొప్ప కీర్తి తెచ్చెను. 1929లో వుల్ఫ్ బార్నాటో, టిమ్ బిర్కిన్ అనువారు వంతులవారీగా తోలఁగా ఆఱున్నర లీటర్ల 'స్పీడ్ సిక్స్' బండి గెలిచెను. మఱుసటి యేఁడు బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ తోలఁగా అదే బండి మరల గెలిచెను. 1931లో బెంట్లీ కంపెనీ అప్పులపాలై రోల్స్ రాయిస్ వారి చేతిలోనికి పోయెను. బండికి మాత్రము విశ్రాంతి దొరకలేదు. 1932లో దానికి వేఱొక చట్రమును, ఎనిమిది లీటర్ల ఇంజనును అమర్చి ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ అను చోట అయిదు వందల మైళ్ల పందెమునకు దింపిరి. అందు క్లైవ్ డన్ఫీ అను యువకుఁడు తోలుచుండఁగా, బండి మలుపువద్ద ఏటవాలు గట్టు దాఁటి యెగిరిపడెను, అతఁడు మరణించెను. ఆ మీఁదట బార్నాటో దానిని మరల కట్టించి, పైకప్పుగల బండిగా వాడుకొనెను. చాలకాలమునకు పిమ్మట మఱొకరు దానికి పూర్వపు పందెపు రూపము నిచ్చిరి.

న్యాయాధిపతి నిపుణుల సాక్ష్యములు విని, ఒక్కొక్క భాగము ఏనాఁటిదో తేల్చెను. 1929లో గెలిచిన బండినుండి మిగిలినవి మూఁడే: తొక్కుడుమీటల కడ్డీ, గేరుపెట్టె తొడుగు, స్టీరింగు కంబము. 1930 నాఁటివి ముందు ఇరుసు, కొన్ని బ్రేకు భాగములు, మఱికొన్ని చిల్లర వస్తువులు. చట్రము 1932 నాఁటిది. లె మాన్‌లో గర్జించిన ఇంజను లేదు. ఆనాఁటి పైకట్టడము లేదు. ఇంతవఱకు విన్నవారు కొనువారిదే గెలు పనుకొందురు. తీర్పు అమ్మువానికి అనుకూలముగా వచ్చెను.

ఆయన చూపిన భేదము సూక్ష్మమైనది. ఈ బండిని మూలరూపము చెడని బండి యనుటకు వీలులేదు. గాని ఇది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్. ఏ దశయందును పాతబండి నాశనమై దాని స్థానమున క్రొత్తబండి పుట్టలేదు. క్రొత్త భాగములు కాలక్రమమున ఒకటి వెనుక ఒకటిగా వచ్చి పాతవానిలో కలిసిపోయినవి. ఆ పేరునకు హక్కు చెప్పఁగల మఱొక బండి లోకమున లేదు. ఆయన తీర్పు సారాంశ మిది.

ఈ చర్చ మనకు క్రొత్త కాదు. మిళిందపఞ్హ మను పాలీ గ్రంథమున నాగసేనుఁడు యవన రాజును ఇట్లే ప్రశ్నించును: ఇరుసు రథమా? చక్రములు రథమా? కాఁడి రథమా? ఏదియు కాదనియు, అన్నిటి కూడికకు రథమనునది వ్యవహారనామ మనియు తేలును. ఐతే నాగసేనుఁడు పేరు వట్టి పేరే యని చూపఁబోయెను. ఇచ్చట ఆ పేరే కోటి పౌనులు పలికినది. న్యాయాధిపతి భాగములను లెక్కపెట్టి ఊరకుండక, వాని నడిమి సంబంధము తెగకుండ వచ్చినదా యని చూచెను. మాకీ మార్గమే చరిత్రకారుని మార్గముగాఁ దోఁచుచున్నది.

బేరగాండ్రు సామాన్యముగా చెప్పునది వేఱు. చట్రముపై అంకెయు, ఇంజనుపై అంకెయు, కర్మాగారపు చిట్టాలోని అంకెలతో సరిపోయిన చాలునందురు. ఇది మంచి యానవాలే, శకుంతల వ్రేలి యుంగరము వంటిది; కాని యుంగరము చేపకడుపునకు పోవచ్చును, దొంగచేతికిని పోవచ్చును. ఇనుముపై పాత యంకెను అరగదీసి క్రొత్త యంకె కొట్టుటకు ఒక సుత్తియు, అంకెల అచ్చులును చాలును. కావున అనుభవజ్ఞులు అంకెను చదివి తృప్తిపడక, అంకెల ఆకృతి ఆ కర్మాగారపు అచ్చునకు సరిపోవునా, చుట్టునున్న లోహము పలుచబడినదా యని చూతురు. పాత ఛాయాచిత్రములలోని రివెట్ల వరుసను బండిమీఁది వరుసతో పోల్చుదురు. ఎవరు ఎప్పుడు ఎవరికి అమ్మిరో కాగితములను వరుసగా పేర్చి, నడుమ ఖాళీ యేండ్లున్నచో అచ్చట ఆగుదురు. పందెపుబండ్లలో ఇంజన్లు మార్చుట పరిపాటి. అన్నియు సరిపోయిన పందెపుబండిని చూచినపుడే మాకు ఎక్కువ అనుమానము. తామ్రశాసనములను పరిశీలించిన ఫ్లీట్ పండితుఁడును ముద్ర యొక్కటి చూచి తృప్తిపడలేదు. లిపి, తిథి, వంశక్రమము పోల్చి పెక్కింటిని కూటశాసనములని తేల్చెను.

నకలు చేయుటయే పాప మని మా యభిప్రాయము కాదు. 1957లో జాగ్వార్ కంపెనీవారి కర్మాగారమున అగ్నిప్రమాదము సంభవించి, ఎక్స్‌కేఎస్‌ఎస్ అను తొమ్మిది బండ్లు కాలిపోయినవి. 2016లో ఆ కంపెనీవారే వానికి బదులుగా తొమ్మిది కట్టెదమని బహిరంగముగా ప్రకటించిరి. దానిలో వంచన లేదు. కొనువానికి తాను కొనుచున్న దేమో తెలియును. పాతబండ్లను రక్షించు అంతర్జాతీయ సంఘమువారు 2012లో అంగీకరించిన టూరిన్ పత్రమును, మార్చిన భాగములపై శాశ్వతమైన గుర్తు ఉంచుమని చెప్పుచున్నది. ఈ యొక్క నియమము పాటింపఁబడిన, వ్యాజ్యములు సగము తగ్గును. ఓల్డ్ నంబర్ వన్ బేరములో కొనువారు విచారణ ముందు చేసి, ఏ యేఁటి రూపము, ఏ భాగములు అని పత్రములో వ్రాయించుకొన్నచో న్యాయస్థానము మెట్లెక్కవలసిన పని యుండెడిది కాదు.

కొన్నేండ్ల క్రిందట మా యెఱిఁగిన గృహస్థు ఒకరు తాటాకు భాగవతము నొకదానిని మాకు చూపిరి. అది పోతన స్వహస్తమున వ్రాసిన దని ఆ యింట తరతరముల నమ్మకము. కడపటి యాకున లేఖకుఁడు తన పేరును, తాను నకలు వ్రాసిన సంవత్సరమును స్పష్టముగా వ్రాసికొనెను; అతఁడు ఆ గృహస్థు తాతగారి తాత. చెదలు తినిన ప్రతిని చూచి క్రొత్త యాకులపై ఎత్తి వ్రాసినట్లు కూడ చెప్పికొనెను. మేమది చదివి వినిపింపఁగా ఆయన ముఖము చిన్నబోయెను. "అయితే ఇది అసలుది కాదా, మాస్టరు గారూ?" అని యడిగెను. ఆనాఁడు మాకు సమాధానము తోఁపలేదు. ఈ తీర్పు సంగతి చదివిన పిమ్మట, అది అసలైన కుటుంబ గ్రంథమే యనియు, ఆ కడపటి యాకే దాని విలువ యనియు చెప్పుటకై వారి యింటికి పోతిమి. గ్రంథము అప్పటికే అమ్ముడు పోయినదఁట. కొన్నవాఁడు కోరిన దొక్కటే యఁట: కడపటి యాకు తీసివేసి యిమ్మని.