దొనకొండ నుంచి కొరిశపాడు దాకా: రన్‌వే గుర్తింపు చరిత్రలో ఒక అధ్యాయం

ప్రకాశం ప్రాంతపు విమానయాన చరిత్రలో దొనకొండ ప్రస్తావన రాక తప్పదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువారు అక్కడ ఏర్పరచిన విమానాశ్రయం తరువాత నిరుపయోగంగా మిగిలింది. దానిని చేజారిన అభివృద్ధిగా చూసినవారే ఎక్కువ. పైలట్ కంటితో చూసినవారు తక్కువ. వాడుకలో లేని రన్‌వే కూడా ఆకాశం నుంచి రన్‌వేలాగే కనిపిస్తుంది. మూసివేసిన రన్‌వేపై పెద్ద గుణకార చిహ్నం గీయాలన్న అంతర్జాతీయ నియమానికి మూలం ఇదే.

ఈ భయం ఊహాజనితం కాదు. 1972 సెప్టెంబరు 24న బొంబాయిలో శాంతాక్రజ్‌లో దిగవలసిన జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 విమానం సమీపంలోని చిన్న జుహూ విమానాశ్రయంలో దిగి, రన్‌వే దాటిపోయింది. రెండుచోట్లా ప్రధాన రన్‌వేలు ఇంచుమించు తూర్పు-పడమరలుగానే ఉన్నాయి. రన్‌వేకు పెట్టే అంకె దిక్సూచిలోని డిగ్రీలను పదితో భాగించగా వచ్చేదే కనుక, అంకె దిక్కును చెబుతుంది గాని ఊరిని చెప్పదు. శంషాబాదులో వలె సమాంతర రన్‌వేలున్నచోట కుడి ఎడమలను తెలిపే అక్షరం కూడా అవసరమవుతుంది. 2000 అక్టోబరు 31న తైపేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం కుడి ఎడమలు తారుమారై, నిర్మాణ పనులు సాగుతున్న రన్‌వేపై టేకాఫ్‌కు పరుగెత్తడంతో 83 మంది మరణించారు.

ఈ నేపథ్యంలో పదహారవ నంబరు జాతీయ రహదారిపై, కొరిశపాడు-రేణింగవరం మధ్య నిర్మించిన అత్యవసర ల్యాండింగ్ స్ట్రిప్‌ను పరిశీలించాలి. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2024 మార్చి 18న, నాటి బాపట్ల జిల్లా పరిధిలో, వైమానిక దళానికి చెందిన ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు ఇక్కడ దిగి తిరిగి ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు దిగకుండా స్ట్రిప్‌పై తక్కువ ఎత్తున దాటి వెళ్లాయి. పత్తి, మిరప చేల నడుమ సాగే రహదారి ఆనాడు కొన్ని గంటలపాటు రన్‌వే అయింది.

ఇక్కడే అసలు చిక్కు. విమానాశ్రయంలో రన్‌వే ఏడాది పొడవునా రన్‌వేయే. ఇక్కడ మాత్రం అదే రహదారి రెండువైపులా కొనసాగుతుంది. ఎక్కడ ఆరంభమో, ఎక్కడ ముగింపో తెలిపే గుర్తులే దానికి ఆధారం. పగటివేళ, ముందే ట్రాఫిక్ మళ్లించి జరిపిన విన్యాసం ఈ ప్రశ్నకు సగం జవాబే ఇవ్వగలదని నా అభిప్రాయం. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెన వంటి విపత్తులో, అంటే మేఘం కిందికి దిగి, కరెంటు పోయి, చేలూ రోడ్డూ ఒకే నీటిరంగులో కనిపించే వేళ, సహాయక విమానం ఇక్కడికే రావలసి ఉంటుంది. అప్పుడు స్ట్రిప్ అంచులను చూపే దీపాలు ఊరి కరెంటుతో సంబంధం లేకుండా వెలగాలి. లారీలు చివరి క్రాస్‌రోడ్డు దగ్గరే ఆగాలి.