తుపాకికి ఇరవై ఒక్కేళ్లు

నిజాం కాలంలో కేసముద్రం, మానుకోట వైపు పల్లెల్లో తుపాకి పట్టే హక్కు దొర భవంతి అయిన గడిని బట్టి ఉండేది. దొర తుపాకి భుజాన వేసుకు తిరిగే మనిషికి ఎన్నేళ్లో అడిగే నాథుడు లేడు. 1946 జూలై 4న కడవెండిలో దొరలను ఎదిరించిన సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం తీసినవి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. సంఘపోళ్ల దగ్గర మొదట ఉన్నవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపొచ్చాక సంఘం దళాలకు దొరికినవాటిలో భర్మార్ తుపాకులూ ఉన్నాయి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, సీసపు గుండ్లు వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేల్చాక ఆ పనంతా మళ్లీ మొదటికి వస్తుంది; వానకు తడిస్తే మందు పనికిరాదు. అలాంటి ఆయుధంతో నిజాం పక్షపు రజాకార్లకు ఎదురు నిలిచినవాళ్ల వయసు లెక్కలు ఇప్పుడు తీయడం అన్యాయం. అయితే గడి పక్షాన గానీ పోరాట పక్షాన గానీ తుపాకికి వయసు కొలత కాలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ కొలత చట్టంతో వచ్చింది. 1878 నాటి బ్రిటిష్ చట్టాన్ని తోసిరాజని తెచ్చిన 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అందులో కనీస వయసు పదహారేళ్లే, అంటే పదో తరగతి దాటిన పిల్లవాడి ఈడు! 1983 సవరణ దాన్ని ఇరవై ఒకటికి పెంచింది. గురి సాధన చేసే క్రీడాకారులకు మాత్రం వేరే వెసులుబాటు ఉంది. ఆ పెంపు సరైనదేనని, ఇప్పుడు తగ్గించకూడదని నా వాదన. పద్దెనిమిదేళ్లకే ఓటు వేస్తున్నారు, సైన్యంలోనూ చేరుతున్నారు, తుపాకికే అడ్డేమిటని కొందరంటారు. 1983లో ఓటు వయసు కూడా ఇరవై ఒకటే. 1989లో ఓటు పద్దెనిమిదికి దిగింది, తుపాకి దిగలేదు. దిగకపోవడమే మేలు. జవాను తుపాకి లెక్కలో ఉంటుంది, డ్యూటీ కాగానే ఆయుధాగారానికి చేరుతుంది. ఇంట్లో తుపాకికి ఆ కాపలా లేదు. ఓటరు తప్పు చేస్తే ఐదేళ్లకు దిద్దుకోవచ్చు. క్షణికావేశంలో పేలిన గుండును వెనక్కి తెచ్చేదెవరు? పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే సరదాను 2019 సవరణ శిక్షార్హం చేయాల్సి వచ్చిందంటే ఆవేశం సంగతి చట్టానికీ తెలుసు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం రైతుది. మక్కచేను మీద అడవి పందులు పడితే మంచె మీద రాత్రంతా కాపలా కాసేది పంతొమ్మిదేళ్ల కొడుకే. పంట కాపలాకని మూతి నుంచి దట్టించే తుపాకికి 1959 చట్టమే చోటిచ్చింది కూడా. కానీ లైసెన్సు మనిషి పేరిట ఉంటుంది, ఇంటి పేరిట ఉండదు. తండ్రి తుపాకి కొడుకు చేతికిస్తే వయసు నిబంధన కాగితం మీదే మిగులుతుంది. ఇక నాటు తుపాకి చేయించుకునేవాడు వయసు అడిగి ఆగడు, అది ఒప్పుకోవాల్సిందే. అందుకే ఇరవై ఒకటిని ఇరవై ఐదు చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదనుకుంటాను. తుపాకిని భద్రంగా దాచాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. లైసెన్సు రెన్యువల్‌కు వచ్చిన ప్రతి ఇంట్లో బీరువా తాళం ఎవరి చేతికి అందుతోందో చూసి రావడం వయసు పెంచడంకంటే ముందు జరగాల్సిన పని.