ఉత్పత్తి సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ లొకేషన్లు

ఫ్యాక్టరీలో ముడిసరుకు, సగం తయారైన భాగాలు, పూర్తయిన వస్తువులు ఎక్కడ ఎన్ని ఉన్నాయో సాఫ్ట్‌వేర్‌లో చూపడానికి పెట్టుకునే విభాగమే స్టాక్ లొకేషన్. అది ర్యాక్‌లో ఒక అర కావచ్చు, గోడౌన్ మొత్తం కావచ్చు, మెషిన్ పక్కన నిలబెట్టిన ట్రాలీ కావచ్చు. జాబ్ వర్క్ చేసే బయటి వర్క్‌షాపు కూడా కావచ్చు. మొత్తం నిల్వ ఎంతో తెలిస్తే సరిపోదు, అందులో ఈ షిఫ్టుకు లైన్‌కు ఇవ్వగలిగింది ఎంతో తెలియాలి. ఈ పద్ధతి ఇన్నేళ్లుగా మారుతూ వచ్చింది ఆ అవసరం కోసమే.

కంప్యూటర్లు రాకముందు ఈ పని బిన్ కార్డు చేసేది. ప్రతి అరకూ ఒక కార్డు వేలాడేది. పైన వస్తువు పేరు, కోడ్, అర నంబరు. కింద తేదీల వారీగా వచ్చింది, ఇచ్చింది, మిగిలింది. ఇండెంట్ తీసుకుని సరుకు ఇచ్చిన వెంటనే స్టోర్‌కీపర్ అక్కడే నిలబడి అంకె వేసేవాడు. ఆఫీసులోని స్టోర్స్ లెడ్జర్‌లో పరిమాణంతో పాటు విలువ కూడా ఎక్కేది. అప్పుడప్పుడు రెండింటినీ సరిచూసేవారు. ఒక వస్తువుకు ఒకే చోటు అన్న కట్టుబాటు మీద ఈ ఏర్పాటంతా నిలబడింది. ఖాళీ కనిపించిన చోటల్లా సర్దితే, ఏది ఎక్కడుందో స్టోర్‌కీపర్‌కు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. టొయోటాలో తాయిచి ఓనో తెచ్చిన, ఏ భాగం ఎంత కావాలో వెనుక విభాగానికి తెలిపే కాన్‌బాన్ కార్డు మీద కూడా భాగం నంబరుతో పాటు ర్యాక్ నంబరు, తయారుచేసే విభాగం, వాడుకునే విభాగం ఉండేవి.

1960లలో ఐబీఎం కంప్యూటర్ల మీద ముడిసరుకు అవసరాలను లెక్కగట్టే పద్ధతి మొదలైంది. దానికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడైన జోసెఫ్ ఆర్లికీ 1975లో ఆ విషయం మీద పుస్తకం ప్రచురించాడు. కావలసిన దానిలోంచి చేతిలో ఉన్నదీ, ఆర్డరు పెట్టినదీ తీసేస్తే కొత్తగా తెప్పించాల్సింది వస్తుంది. అసలు చిక్కు ఆ ‘చేతిలో ఉన్నది’ దగ్గర వచ్చింది. స్టోర్స్‌లో 1,000 బేరింగులు ఉన్నాయనుకుందాం. వాటిలో 300 ఇంకా తనిఖీ కాలేదు, 50 రిజెక్ట్ అయ్యాయి. అన్నింటినీ ఒకే అంకెగా చూపితే కంప్యూటర్ ఆర్డరు పెట్టమనదు, లైన్ మాత్రం ఆగిపోతుంది. అందుకే ఆలివర్ వైట్ వంటి నిపుణులు నిల్వల లెక్క కనీసం 95 శాతం నిక్కచ్చిగా ఉండాలని పట్టుబట్టారు.

జర్మనీలో 1972లో పుట్టిన శాప్ సంస్థ 1992లో విడుదల చేసిన ఆర్/3 సాఫ్ట్‌వేర్ ఈ చిక్కును రెండు విధాలుగా విడదీసింది. చోటు ఒకటి, సరుకు స్థితి మరొకటి. పైన ప్లాంటు, దాని కింద నాలుగక్షరాల కోడ్‌తో స్టోరేజ్ లొకేషన్, గిడ్డంగి మాడ్యూల్ వాడేవారికి ఇంకా కింద బిన్. ఏ లొకేషన్‌లోనైనా నిల్వ మూడు రకాలు: వాడుకోదగినది, తనిఖీలో ఉన్నది, ఆపేసినది. ప్రతి కదలికకూ ఒక నంబరు ఉంటుంది. సరుకు లోపలికి రావడం 101, ఉత్పత్తికి ఇవ్వడం 261, ఒకే ప్లాంటులో ఒక లొకేషన్ నుంచి మరో లొకేషన్‌కు మార్చడం 311. సాధారణంగా విలువ ప్లాంటు స్థాయిలోనే కడతారు కాబట్టి 311తో ఖాతాల్లో పద్దు పడదు. ఇది మంచి నిర్ణయం. స్టోర్స్ వాళ్లు సరుకు జరిపిన ప్రతిసారీ అకౌంట్స్ వాళ్లను కదిలించాల్సిన పని తప్పింది.

బెల్జియంలో ఫాబియన్ పింకెర్స్ మొదలుపెట్టిన ఓడూ సాఫ్ట్‌వేర్ మరో దారి పట్టింది. జమాఖర్చుల సూత్రాన్ని సరుకుకు వర్తింపజేసింది: ఏ వస్తువైనా ఒక లొకేషన్ నుంచి బయల్దేరి మరొక లొకేషన్‌కు చేరాల్సిందే. సరఫరాదారు, కస్టమర్, ఉత్పత్తి, నష్టం కూడా ఇందులో లొకేషన్లే. ఇనుప కడ్డీలు ‘ఉత్పత్తి’ అనే ఊహాత్మక లొకేషన్‌లోకి వెళ్తాయి, అక్కడి నుంచి బోల్టులు బయటికొస్తాయి. లెక్కపెట్టినప్పుడు మూడు తగ్గితే ఆ మూడూ ‘నష్టం’లోకి చేరతాయి. ఏదీ చెప్పకుండా మాయమైపోదు. ఇంత సరళమైన ఆలోచన ఈ రంగంలో మరొకటి కనిపించదు.

మన దేశంలో చిన్న పరిశ్రమలకు ఎక్కువగా తెలిసింది ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని గోడౌన్. మన సరుకు బయటివాళ్ల దగ్గర ఉందా, వాళ్ల సరుకు మన దగ్గర ఉందా అన్నది కూడా గోడౌన్ సృష్టించేటప్పుడే చెప్పవచ్చు. 2017 నాటి జీఎస్టీ చట్టంలోని 143వ సెక్షన్ తర్వాత దీని విలువ పెరిగింది. జాబ్ వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రాకుండా, అక్కడి నుంచే సరఫరా కూడా కాకుండా ఉంటే, పంపిన రోజునే సరఫరా జరిగినట్టు లెక్క. కాబట్టి ప్రతి జాబ్ వర్కర్‌కూ ఒక లొకేషన్ పెట్టి, చలానా తేదీతో చూసుకోవాల్సి వస్తుంది.

మందుల తయారీలో నియమాలు మరీ కఠినం. జీడిమెట్ల, పాశమైలారం వంటి చోట్ల ఫార్మా కంపెనీలు పాటించే ఔషధ నియమాల షెడ్యూల్-ఎం ప్రకారం క్వారంటైన్ సరుకుకు, అంటే ఇంకా ఆమోదం పొందని సరుకుకు, స్పష్టంగా హద్దు గీసిన చోటు ఉండాలి. తిరస్కరించిన సరుకు వేరుగా, భద్రంగా ఉండాలి. గోడలకు బదులు వేరే ఏర్పాటు వాడితే, అది కూడా అంతే గట్టి హామీ ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లోని లొకేషన్‌కు చోటు దొరికింది ఆ వెసులుబాటులోనే.

ఎన్ని లొకేషన్లు పెట్టాలన్న దగ్గరే చాలా అమరికలు దెబ్బతింటాయి. ప్రతి మెషిన్‌కూ ఒకటి పెట్టి, కదలికలు నమోదు చేసే మనిషిని మాత్రం పెట్టరు. వారం తిరక్కుండానే తెరమీది అంకెకూ ర్యాక్‌లోని సరుకుకూ పొంతన ఉండదు. సరుకు చేతులు మారి, ఎవరో ఒకరు బాధ్యత తీసుకునే చోటే లొకేషన్ పెట్టాలి. కొత్త సాఫ్ట్‌వేర్ మొదలయ్యే రోజు ముందుగా ర్యాకులకు ఏ-03-2-15 (వరుస, ర్యాక్, అంతస్తు, అర) వంటి కోడ్‌లు రాసి, ఒక్కో లొకేషన్‌లోని సరుకును చేత్తో లెక్కపెట్టి ఎక్కిస్తారు. శాప్‌లో ఆ తొలి నమోదు నంబరు 561.